కూతకు ధర కట్టిన అడవి

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ కొసన చిరుత దుప్పిని పడితే ఆ సంగతి ఆ కొసకు చేరేసరికి చిరుతకు మళ్లీ ఆకలేసేంత పెద్ద అడవిలో, ముత్తెమ్మ అనే దుప్పి ఉండేది.

ఒళ్లంతా ముత్యాలు చల్లినట్టు తెల్లటి చుక్కలుండేవి కనుక ఆ పేరు. మందలో అందరికన్నా చురుకైన ముక్కు ఆమెది. గాలి ఇటు తిరిగితే చాలు, వాగు అవతల పొదలో పడుకున్నది కుందేలో చిరుతో చెప్పేసేది. అందరికన్నా మెత్తటి మనసూ ఆమెదే. ఎవరు గొంతు పెంచి మాట్లాడినా, నిజమే కాబోలు అనుకునేది. ముక్కు ఆమెను ఎన్నిసార్లు బతికించిందో, మనసు అన్నిసార్లు ముంచబోయింది.

ముత్తెమ్మ మంద వాగు ఒడ్డున నేరేడు చెట్ల కింద మేసేది. ఆ చెట్ల మీద కొండముచ్చుల గుంపు కాపురం. గుంపుకు పెద్ద మసియ్య. మసి పూసినట్టు నల్లటి మొహం, దానిచుట్టూ నెరిసిన వెంట్రుకలు.

కొండముచ్చులు తిండి దగ్గర మహా దుబారా మనుషులు, అంటే మనుషులంత దుబారా. పండు కొరికి, సగం తిని, సగం పారేస్తాయి. కొమ్మ విరిచి, రెండాకులు నమిలి, మిగతాది వదిలేస్తాయి. అవన్నీ కింద దుప్పులకు విందు. దూరాన చిరుత కదిలితే పైనుంచి మసియ్య చూసి 'ఖఖర్' మని కూసేవాడు. దుప్పులు పరుగెత్తేవి. పొగమంచు దిగి పైవాళ్ల కళ్లు పనిచేయని వేళ, కింద ముత్తెమ్మ వాసన పట్టి గిట్టతో నేలను తన్నేది. కొండముచ్చులు చిటారు కొమ్మలకు ఎగబాకేవి.

దీన్ని ఎవరూ ప్రతిపాదించలేదు, ఎవరూ ఆమోదించలేదు, ఎవరూ రిబ్బను కత్తిరించలేదు. బహుశా అందుకే తరతరాలుగా నడిచింది.

అలాంటి రోజుల్లో సలహాలరావు అనే నక్క పొరుగు అడవుల పర్యటన ముగించుకుని వచ్చాడు. వెళ్లినప్పుడు మాత్రం అది పర్యటన కాదు. పెద్దపులి దాచుకున్న మాంసంలోంచి ఒక తొడ మాయం చేసి పారిపోవడం. కాని తిరిగొచ్చేటప్పుడు మెడలో మోదుగుపూల దండ, నోట్లో కొత్త మాటలు ఉన్నాయి కనుక పర్యటనే అయింది. ఆ దండ తనే గుచ్చుకున్నాడని గిట్టనివాళ్లు అన్నారు. గిట్టినవాళ్లు అప్పటికింకా లేరు.

రాగానే సభ పెట్టించాడు. బండరాయి మీద పెద్దపులి, కింద అడవంతా.

"ప్రభూ, మన అడవి ఆర్థిక విధానం ఏమిటి?" అని అడిగాడు.

పెద్దపులి జీవితంలో మొదటిసారి కంగారుపడింది. అటూ ఇటూ చూసి, "ఆకలేస్తే తినడం" అంది.

ఎవరో నవ్వబోయి, ఆ మాట అన్నది ఎవరో గుర్తొచ్చి దగ్గుగా మార్చుకున్నారు.

"అది అలవాటు ప్రభూ, విధానం కాదు. తూర్పు అడవికి ఓ విధానం ఉంది. పడమటి అడవికి ఇంకో విధానం ఉంది. రెంటిలో ఏది గొప్పదో తేల్చుకోవడానికి వాళ్లు ఏటా కొట్టుకు చస్తారు. మీదేమిటని నన్నడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

"మరేం చెప్పావ్?"

"ఆలోచిస్తున్నాం అన్నాను. పాపం, చాలా జాలిపడ్డారు."

అడవి మొత్తం సిగ్గుతో చితికిపోయింది. ముత్తెమ్మకైతే నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. పుట్టినప్పటినుంచీ ఏ విధానమూ లేకుండానే మేసిందా తను? పదిమందిలో ఎంత అప్రతిష్ఠ?

ఆ సాయంత్రం మసియ్యతో ఈ మాటే అంది. "అన్నా, మనకు విధానం లేదట."

మసియ్య పండు కొరుకుతూ, "లేకపోతే ఏం? నువ్వు తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను."

"చిరుత నిన్ను తిన్నదా?"

"లేదు."

"ఇక పడుకో." మిగతా సగం పండు కిందికి వదిలాడు.

ముత్తెమ్మకు ఆ మాట నచ్చలేదు. చదువూ సంధ్యా లేనివాళ్లు ఇలాగే మాట్లాడతారనుకుంది. పండు మాత్రం తినేసింది.

*

ముందుగా తూర్పు అడవి విధానాన్ని తెచ్చారు. దానికి సమష్టి విధానమని పేరు. సలహాలరావు ప్రణాళికాధికారి అయ్యాడు.

"ఈ అడవిలో ఏ పండూ ఎవరిదీ కాదు, అన్నీ అందరివీ" అని అతను అన్నప్పుడు ముత్తెమ్మ కళ్లు చెమర్చాయి. ఎంత గొప్ప మాట. పక్కనున్న అక్క రత్నమ్మను మూతితో పొడిచి, "విన్నావా?" అంది.

"విన్నానే. మరి కింద పడ్డవి ఏరుకోవచ్చా?" అంది రత్నమ్మ. ఆవిడది వయసు మళ్లిన ఒళ్లు, చెవులు మంచివే గాని కాళ్లు నెమ్మది. దూరం నడిచి మేయలేదు.

ఏరుకోకూడదని తేలింది. కొండముచ్చులు కోసిన పళ్లన్నీ ఉమ్మడి కుప్పలో వేయాలి. కుప్పకు కాపలా గంభీరప్ప అనే అడవిదున్న. పంపిణీ ఎలా జరగాలో కమిటీ తేల్చేదాకా ఎవరూ ముట్టకూడదు. కమిటీ తేల్చేసరికి పళ్లు పులిసిపోయాయి. పులిసినవి పంచితే జనం ఆరోగ్యం పాడవుతుంది, పారేస్తే ప్రజాధనం వృథా అవుతుంది. ఈ రెండు పాపాల మధ్య నలిగిపోయిన గంభీరప్ప, త్యాగబుద్ధితో మొత్తం తానే తిని, మత్తెక్కి కుప్ప ఉండిన చోటే పడి నిద్రపోయాడు. కాపలా మాత్రం వదల్లేదు.

కూతలకూ ప్రణాళిక వచ్చింది.

"ఇంతవరకు చిరుత కనిపిస్తేనే కూశారు. అంటే కూతల ఉత్పత్తి చిరుత చేతిలో ఉందన్నమాట. ఇది పరాధీనత" అన్నాడు సలహాలరావు. "ఇకనుంచి ఒక్కో కొండముచ్చూ రోజుకు నూరు కూతలు కూయాలి. చిరుత ఉన్నా, లేకున్నా."

"లేకపోతే ఎందుకు కూయడం?" అన్నాడు మసియ్య.

"ఉంటే ఎలాగూ కూస్తారుగా. అందులో మీ గొప్పేముంది?"

కొండముచ్చులు బుద్ధిగా పొద్దున్నే మొదలుపెట్టి, ఎండెక్కేలోపు లెక్క పూర్తిచేసి, గొంతు బొంగురుపోయి కొమ్మల మీద వాలిపోయేవి. మొదట్లో దుప్పులు ప్రతి కూతకూ పరుగెత్తాయి. కాళ్లు పీకి, మేత మేయడం కుదరక, తర్వాత తల మాత్రం ఎత్తేవి. ఆ తర్వాత అదీ మానేశాయి.

ఒకరోజు మంచు తెరలు విడిపోతున్న వేళ మసియ్య కూశాడు. మిగతావాళ్లూ కూస్తూనే ఉన్నారు. ముత్తెమ్మకు ఆ కూతలో ఏదో తేడా తోచింది. గాలి అవతలినుంచి లేదు, వాసన లేదు. లెక్క కూతే అనుకుని తల దించుకుంది. మళ్లీ ఎత్తేసరికి పక్కన మేస్తున్న రత్నమ్మ లేదు. గడ్డిలో ఈడ్చుకుపోయిన జాడ ఉంది.

ముత్తెమ్మ ఆ జాడ వెంట పొదలదాకా వెళ్లి నిలబడిపోయింది. అక్కడినుంచి ముందుకు వెళ్లడానికి దుప్పులకు కాళ్లు రావు.

సభలో అడిగింది. "అయ్యా, మా అక్క పోయింది. కూతలు ఇన్ని ఉండగా ఎలా పోయింది?"

సలహాలరావు చాలా బాధపడ్డాడు. అతను బాధపడితే చూడముచ్చటగా ఉండేది. "అమ్మా, ఆ రోజు కూతలు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయి. ఉత్పత్తిలో లోపం లేదు. వినియోగంలో ఉంది. మీరు వినలేదు."

సభ చప్పట్లు కొట్టింది. ముత్తెమ్మ తల దించుకుంది. నిజమే, తను విని కూడా తల దించుకుంది కదా. అక్కను చిరుత కాదు, తన చెవులే చంపాయేమో అనుకుంటూ ఇంటిదారి పట్టింది. అంత మెత్తటి మనసు ఏ ప్రభుత్వానికైనా వరమే.

*

ఉమ్మడి కుప్ప ఎండిపోయాక పడమటి అడవి విధానం వచ్చింది. దానికి స్వేచ్ఛా విధానమని పేరు. సలహాలరావు ప్రణాళికాధికారి పదవికి రాజీనామా చేసి, ప్రణాళికలంత దరిద్రం ఇంకోటి లేదని చెప్పి, వాణిజ్య సలహాదారు అయ్యాడు.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదని అర్థం. ఇకనుంచి ప్రతిదానికీ ఓ యజమాని, ప్రతిదానికీ ఓ ధర" అన్నాడు.

చెట్లు కొండముచ్చులవి అయ్యాయి. కింద పడ్డ పండు కూడా చెట్టుదే. చెట్టు నీడ చెట్టుది. కూత ఇప్పుడు సరుకు. మసియ్యకు ఇష్టం లేకపోయినా అతని గుంపులో పడుచువాళ్లు ఎగబడ్డారు. "తాతా, ఇన్ని తరాలు ఉత్తపుణ్యానికి గొంతు చించుకున్నాం" అన్నారు. కూతల సంస్థ పెట్టి, మసియ్యను అధ్యక్షుణ్ణి చేసి, అతని మాట వినడం మానేశారు.

ముత్తెమ్మ మందను వెంటబెట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. కొమ్మ మీద ఒక పడుచు కొండముచ్చు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

"కూత కావాలి బాబూ" అంది ముత్తెమ్మ.

"బదులుగా ఏమిస్తావు?"

"గడ్డి ఉంది."

"మేం తినం."

"మంచు వేళల్లో మీకు కళ్లు కనపడవు. నేను వాసన పట్టి చెబుతాను. ఎప్పుడూ చెబుతూనే ఉన్నానుగా."

పడుచువాడు సలహాలరావు వైపు చూశాడు. సలహాలరావు తల అడ్డంగా ఊపాడు. "వాసన చూడడానికి బజార్లో రేటు లేదమ్మా. ఇన్నాళ్లూ ఊరికే చేశావు కదా. ఊరికే చేసేదానికి విలువ ఉంటే ఊరికే ఎందుకు చేస్తావు?"

సరిగ్గా చెప్పలేకపోయింది గాని, ముత్తెమ్మకు ఆ మాటలో ఎక్కడో చిరుత వాసన వేసింది.

"దిగులుపడకు" అన్నాడు సలహాలరావు. "పేదవాళ్ల కోసం ఉచిత పథకం ఉంది. అందులోనూ కూత వస్తుంది."

"ఎప్పుడొస్తుంది?"

"చిరుత వచ్చి వెళ్లాక."

ఇలా కొన్నాళ్లు గడిచాయి. దుప్పులు ఒక కన్ను గడ్డిలో, ఒక కన్ను పొదల్లో పెట్టి మేశాయి. రెండు కళ్లతో రెండు పనులు చేస్తే కడుపు నిండదు. పిల్లలున్న తల్లులకు పాలు తగ్గాయి.

అప్పుడు కూతల సంస్థకు ఓ పెద్ద ఖాతాదారు వచ్చాడు. దర్జాగా, పట్టపగలు, తోక ఊపుకుంటూ వచ్చిన చిరుత.

"నాకూ కూత విషయమే కావాలి" అంది చిరుత. "కాకపోతే, కూయకుండా ఉండడం కావాలి. కూయనందుకు ధర ఇస్తాను. ఈ చెట్లు ఎక్కను. మీలో ఒక్కరినీ ముట్టను."

అంత ధర అడవిలో ఇంకెవరూ ఇవ్వలేరు. దుప్పుల దగ్గర ఏముంది, గడ్డి. సలహాలరావు పరమానందభరితుడయ్యాడు. "చూశారా, ఒక సరుకు అసలు విలువ ఎవరికి తెలుస్తుందో స్వేచ్ఛా విధానమే తేలుస్తుంది. కూత విలువ దుప్పికన్నా చిరుతకే ఎక్కువ తెలుసు." ఒప్పందం షరతులు అతనే చెప్పాడు. చిరుత ఎవరి వెంట పడ్డా, ఎక్కడ పడ్డా, కొండముచ్చు అన్నది నోరు తెరవకూడదు.

ఆ మర్నాడు మసియ్య చెట్టు దిగి, ముత్తెమ్మ మేస్తున్న చోటికి వచ్చాడు. ఇంతవరకు ఆమె అతన్ని నేలమీద చూడలేదు. నేలమీద ముసలివాడిలా ఉన్నాడు.

"రేపట్నుంచి ఈ చెట్ల కింద మేయకు" అన్నాడు.

"నీడకు కూడా రేటు పెంచారా అన్నా?"

"అడక్కు. చెప్పకూడదు."

"నువ్వు కూడానా?"

మసియ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మా గుంపులో చంటిపిల్లలు ఉన్నారు ముత్తెమ్మా. చిరుత చెట్టెక్కనంది."

ముత్తెమ్మ, "మా మందలో లేరా?" అని మాత్రం అంది.

ఆ రోజే మందను లేపింది. వాగు దాటించి, రేగుపొదల మైదానానికి తీసుకుపోయింది. అక్కడ గడ్డి పొట్టి, నీళ్లు దూరం, ఎండ నడినెత్తిన. కాని పొదలు పలచన. చిరుతకు దాక్కునే చోటు లేదు. ఎవరూ ఆమెకు చెప్పకుండా ఆమె చేసిన మొదటి పని అది. దానికి సభలో తీర్మానం కూడా కాలేదు.

*

వర్షాలు పడబోయే ముందు ఓ పొద్దున మసియ్య వాగు దాటి వచ్చాడు. తోక మీద పాతది కాని గాయం ఉంది.

ముత్తెమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. పిల్ల దుప్పులు చుట్టూ చేరాయి. వాటి పక్కటెముకలు మసియ్య చూడనట్టు నటించాడు.

"సలహాలరావు పోయాడు" అన్నాడు.

"ఎక్కడికి? ఇంకో అడవికా?"

"చిరుత కడుపులోకి."

నెమ్మదిగా సంగతంతా చెప్పాడు. దుప్పులు వెళ్లిపోయాక చిరుతకు తిండి కరువైంది. అదే సమయంలో సభ జరిగింది. స్వేచ్ఛా విధానంలో లోపాలున్నాయని సలహాలరావు ఒప్పుకుని, సమష్టి విధానంలోని మంచినీ స్వేచ్ఛా విధానంలోని మంచినీ కలిపి మిశ్రమ విధానం తెస్తానన్నాడు. గంభీరప్ప నిద్రమత్తులో, "మరి రెంటిలోని చెడ్డను ఏం చేద్దాం?" అని అడిగాడట. "దాన్ని దుప్పులకు పంచుదాం" అన్నాడట సలహాలరావు. "దుప్పులు వెళ్లిపోయాయి కదా" అని ఎవరో గుర్తుచేశారట. ఆ సమస్య గురించి ఆలోచిస్తూ సాయంత్రం ఒంటరిగా కొండముచ్చుల చెట్ల కిందనుంచి ఇంటికి బయల్దేరాడు.

"వెనకాల చిరుత" అన్నాడు మసియ్య. "మేమంతా పైనుంచి చూస్తున్నాం. మేం చూస్తున్నామని అతను చూశాడు. ఆగి, 'ఏంటి, అందరూ బిగుసుకు కూర్చున్నారు?' అని అడిగాడు. నేను నోరు తెరిచాను. మా పడుచువాళ్లు నా నోరు మూసేశారు. మాట తప్పితే సంస్థకు చెడ్డపేరు వస్తుందన్నారు. అతను మా క్రమశిక్షణ చూసి మెచ్చుకుంటూ తల ఊపాడు. అదే ఆఖరు."

ముత్తెమ్మకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. "తర్వాత?" అంది.

"తర్వాత చిరుత చెట్టెక్కింది. ఒప్పందం ఉంది కదా అన్నారు మావాళ్లు. ఒప్పందం చేయించినవాడే లేడు, ఇంకెక్కడి ఒప్పందం అంది. మంచులో వచ్చింది ముత్తెమ్మా. మాకు కనపడలేదు. కింద గిట్ట చప్పుడు లేదు." తోక మీది గాయాన్ని తడుముకున్నాడు. "ఇద్దరు చంటివాళ్లు."

గాలి రేగుపొదల్లో గరగరలాడింది. పొరుగు దుప్పి ఒకటి దగ్గరకు వచ్చి, "మంచిపని అయింది వీళ్లకు" అని గొణిగింది. ముత్తెమ్మ దాన్ని చూసిన చూపుకు అది వెనక్కి తగ్గింది. చంటివాళ్లు ఎవరైనా చంటివాళ్లే.

"తిరిగి రా" అన్నాడు మసియ్య. "నేరేళ్లు మళ్లీ కాశాయి. తినేవాళ్లు లేక కింద కుళ్లుతున్నాయి."

"కూతకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

"ముక్కు ఉంది కదా."

"దానికి రేటు లేదన్నారు."

"లేదనే అడుగుతున్నాను."

ముత్తెమ్మ మందను చూసింది. పొట్టి గడ్డిని చూసింది. "వస్తాను. కాని మా అక్క పోయిన చోటు దాటేటప్పుడల్లా నాకు నీ కూతే గుర్తొస్తుంది. అది పోదు."

"పోనివ్వకు" అన్నాడు మసియ్య.

ఆ సాయంత్రమే దుప్పులు ఒకదాని వెనక ఒకటి వాగు దాటాయి. పైనుంచి ఓ సగం కొరికిన పండు పడింది. ఓ పిల్ల దుప్పి తల్లి వైపు చూసింది, తల్లి ఊరుకుంది, పిల్ల తినేసింది. చీకటి పడబోతుండగా ముత్తెమ్మ గిట్టతో నేలను తన్నింది. చెట్లన్నీ గలగలమన్నాయి.

*

కొన్నాళ్లకు సలహాలరావు సంతాప సభ జరిగింది. ఆయన అకాల మరణంతో ఆర్థిక శాస్త్రానికి తీరని లోటు ఏర్పడిందని అందరూ అన్నారు. ఆ లోటు పడ్డాక అడవి కాస్త తేరుకుందని ఎవరూ అనలేదు.

వాగు ఒడ్డున దుప్పులూ కొండముచ్చులూ ఇచ్చిపుచ్చుకుంటూ బతుకుతున్నాయని పెద్దపులికి వార్త అందింది. "చూశారా, ఇదే ఆయన కలగన్న మిశ్రమ విధానం. చచ్చి సాధించాడు" అంది గద్గద స్వరంతో. దానికి సలహాలరావు విధానమని పేరు పెట్టారు. గంభీరప్ప అధ్యక్షతన దాన్ని అమలు చేసే సంఘం ఏర్పడింది. వాగు ఒడ్డు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ సంఘం త్వరలో పర్యటిస్తుందని ప్రకటించారు.

చివరి వరుసలో నిలబడ్డ ముత్తెమ్మ ఇదంతా విన్నది. మసియ్య పక్క కొమ్మమీద కూర్చుని చెవి గోక్కుంటున్నాడు.

ఆఖరున చిరుత లేచింది. కళ్లు తుడుచుకుంది.

"సలహాలరావుగారు మనల్ని వదిలి ఎక్కడికీ పోలేదు" అంది. "నాలోనే ఉన్నారు. ఆయన ఆశయాలు నా రక్తంలో కలిసిపోయాయి. వందన సమర్పణ కూడా నేనే చేస్తాను, ఎవరూ కదలకండి."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో ముత్తెమ్మ గిట్ట చప్పుడు ఎవరికీ వినపడలేదు, మందకూ చెట్లమీది వాళ్లకూ తప్ప. వందన సమర్పణ మొదలయ్యేసరికి చివరి వరుస ఖాళీగా ఉంది.

నీతి: ఏ ఆర్థిక విధానమైనా మంచిదే, కాకపోతే దాన్ని కనిపెట్టిన పండితుణ్ణి ముందుగా ఓ నెలపాటు చెట్టు కింద మేయనివ్వాలి.